నేపాళం లెక్క తేల్చకుండా నేపియర్ పాఠమా?

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో 'పొలాల్లో పండే డీజిల్' అంటూ రెండు పేజీల నిండా పచ్చటి బొమ్మలతో వేసిన వ్యాసం చదివాను. నేపియర్ గడ్డితో మా కరువు నేలలు బంగారమవుతాయన్నారు, అంతకుముందు నేపాళం చెట్ల డీజిల్ అని మమ్మల్ని ముంచిన సంగతి మాత్రం దాటేశారు. ఆ పూటే రాయబోతే మా ఇంట్లో వాళ్లు "ముందు బీపీ మాత్ర వేసుకో, నాలుగు రోజులు పోనీ" అన్నారు. ఐదు రోజులు పోనిచ్చాను. కోపం పోలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు చిన్న తప్పు సంగతి. రుడాల్ఫ్ డీజిల్ 1893 ఆగస్టు 10న వేరుశనగ నూనెతో ఇంజిన్ నడిపాడని రాశారు. ఏటా జీవ ఇంధన దినం నాడు ఆఫీసర్లు చదివే ప్రసంగాల్లోనూ ఇదే మాట. ఆ రోజు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజిన్‌ను పరీక్షించింది నిజమే. వేరుశనగ నూనె కథ మాత్రం 1900లో పారిస్ ప్రదర్శనలో జరిగింది. ఒట్టో అనే కంపెనీ వాళ్లు ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను ఆ నూనెతో నడిపితే, తేడా పట్టుకున్నవాళ్లు కొద్దిమందేనని డీజిల్ గారే రాసుకున్నారు. ముప్పై రెండేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. పిల్లవాడు ఇలా రాస్తే అర మార్కు కోసేవాణ్ని. పత్రికకు ఎవరు కోస్తారు?

పైగా ఆ మాట చదివేది అనంతపురం జిల్లాలో. వేరుశనగ అంటే మాకు వేరే చెప్పాలా? చేలో శనక్కాయ పండిస్తాం, అంగట్లో పామాయిల్ ప్యాకెట్ కొనుక్కుంటాం. తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం మనది. ఆ నూనెను లారీలో పోస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే మన ప్రభుత్వాలు మొదటినుంచీ తినడానికి పనికిరాని నూనెలనే పట్టుకున్నాయి. ఆలోచన సబబే. ఆ ఆలోచనలోంచే నేపాళం వచ్చింది. అదే, మా వైపు అడవి ఆముదం అనేది, మీ వ్యాసంలో జట్రోఫా అని ఒకే ఒక్క వాక్యంలో 'కొన్ని తొలి ఇబ్బందులు ఎదురైనా' అని దాటేసినది.

ఆ తొలి ఇబ్బందుల్లో ఒకణ్ని నేను.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి, కోటి హెక్టార్లకు పైగా ఈ చెట్లు నాటితే 2011-12 నాటికి దేశం వాడే డీజిల్‌లో ఇరవై శాతం మనమే పండించుకోవచ్చని నివేదిక ఇచ్చింది. 2006 జనవరి నుంచి బయోడీజిల్‌ను, అంటే ఇలాంటి నూనెలతో చేసే డీజిల్‌ను, లీటరు 25 రూపాయలకు ఆయిల్ కంపెనీలు కొంటాయన్నారు. ఆ జూన్‌లో బొల్లారం రాష్ట్రపతి నిలయంలో జట్రోఫా మీద రెండు రోజుల సదస్సు జరిగింది. సాక్షాత్తూ కలాం గారు చెబుతుంటే కాదనేదెవరు? ఆ వానాకాలమే మా నాయన ఇచ్చిపోయిన మూడెకరాల ఎర్ర నేలలో ఎకరాకు వెయ్యి చొప్పున మొక్కలు పెట్టాను. మొక్కలు అమ్మిన కంపెనీ మనిషి పాఠం నాకు ఇప్పటికీ నోటికొచ్చు: మేకలు ముట్టవు, నీళ్లు అక్కర్లేదు, మూడో ఏడు నుంచి కాపు, ముప్పై ఏళ్లు డబ్బు.

మేకలు ముట్టలేదు. ఆ ఒక్కటీ నిజం.

నీళ్లు పెట్టకపోతే చెట్టు బతుకుతుంది గానీ కాయదు. ఈ తేడా మాకెవరూ చెప్పలేదు. కాసిన కాయలైనా ఒక్కసారి పండవు. ఒకే గుత్తిలో ఒకటి పచ్చిగా, ఒకటి పసుపుగా, ఒకటి నల్లగా ఎండి ఉంటుంది. అంటే నాలుగైదు సార్లు తిరిగి ఏరాలి. అదే ఏడు ఫిబ్రవరిలో మా జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలైంది. కూలికి న్యాయమైన ధర వచ్చింది, అది మంచిదే. కానీ ఆ కూలి ఇచ్చి ఈ గింజ ఏరిస్తే గిట్టుతుందా? లీటరు నూనెకు మూడు కిలోలకు పైగా గింజ కావాలి. కిలోకు ఆరు రూపాయలిచ్చినా గింజకే పద్దెనిమిది. ఇక బస్తా, బాడుగ, గానుగ, శుద్ధి, ఫ్యాక్టరీ వాడి లాభం అన్నీ మిగతా ఏడు రూపాయల్లో సర్దాలట! ఏడో తరగతి పిల్లవాడు వేసే లెక్క ఇది. ఢిల్లీలో ఎవరూ వేయలేదా? వేసి మడిచి పెట్టారా?

నాలుగో ఏడు నాకు వచ్చింది రెండు బస్తాలు. కొంటానన్న కంపెనీకి ఫోన్ చేస్తే 'ఈ నంబరు మనుగడలో లేదు' అంది. ఆ బస్తాలు వసారాలో ఉన్నన్నాళ్లూ మనవలు నోట్లో పెట్టుకుంటారేమోనని ఒకటే టెన్షన్. అవి తిన్న పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలైన వార్తలు అప్పట్లో మీ పత్రికే వేసింది. ఆ వార్తలు రాసినవాళ్లు ఇప్పుడు మీ దగ్గర ఉన్నారో లేరో. ఒకప్పుడు మీ రైతు పేజీ విలేకరి బురదలో దిగి ఫొటో తీసేవాడు. ఇప్పుడు సమాచార శాఖ పంపిన కాగితానికి శీర్షిక పెట్టి వదులుతున్నారు.

2018లో చత్తీస్‌గఢ్ రైతుల నేపాళం గింజల నూనె కలిపి డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం ఎగరేశారు. సంతోషం. మా బస్తాలు మాత్రం ఊరి పొలిమేర దాటలేదు.

ఇంకో విడ్డూరం. మొక్కలు కొనండని మమ్మల్ని ఊదరగొట్టిన ఆ రోజుల్లోనే రోడ్ల వెడల్పు పేరుతో రెండు పక్కలా ఉన్న ముసలి కానుగ చెట్లను నరికేశారు. కానుగ నూనెతో మా అవ్వ దీపం పెట్టింది. ఆకు మడికి ఎరువు, చెక్క తోటకు ఎరువు. ఆదిలాబాద్ అడవుల్లో ఒక చిన్న గూడెం వాళ్లు ఆ నూనెతోనే జనరేటర్ తిప్పి ఇళ్లలో బల్బులు వెలిగించుకున్నారు. ఉన్న చెట్టు కొట్టేసి లేని చెట్టుకు సబ్సిడీ!

సరే, నా గోల పక్కన పెట్టండి. విధానం సంగతే చూడండి. 2003లో చెప్పింది 2011-12కు ఇరవై శాతం. 2009లో కొత్త విధానం వచ్చింది, 2017కు ఇరవై శాతం. 2018లో ఇంకొకటి వచ్చింది, 2030కి ఐదు శాతం. గడువు ముందుకు జరుగుతోంది, అంకె కిందికి జారుతోంది. బయోడీజిల్ కలిపేది నేటికీ ఒక్క శాతం లేదు. పెట్రోల్‌లో ఇథనాల్ మాత్రం 2025కే ఇరవైకి చేరింది. ఎందుకు చేరింది? ముడి సరుకు సిద్ధంగా ఉంది, ఏటా ధర ప్రకటించారు, కొనేవాడు నికరంగా ఉన్నాడు. అయినా దాని బాధలు దానికున్నాయి. తెలంగాణలోని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం 2024 నవంబరులో జాతీయ రహదారి మీద కూర్చుంటే తప్ప వాళ్ల గోడు ఎవరికీ వినపడలేదు. కానీ దేశంలో పెట్రోల్ కంటే డీజిల్ వాడకం రెట్టింపు పైనే, ఏడాదికి సుమారు తొమ్మిది కోట్ల టన్నులు. ట్రాక్టరూ లారీ తిరిగేది దాంతోనే. డీజిల్‌లో పది శాతం ఇథనాల్ కలిపి చూస్తే కుదరలేదని, ఇక ఐసోబ్యూటనాల్ అనే మరో రకం ఆల్కహాల్ చూస్తున్నామని గడ్కరీ గారే 2025 సెప్టెంబరులో చెప్పారు. మీ రెండు పేజీల్లో ఈ ముక్క ఎక్కడ?

ఇంకా నయం, వాడిన నూనెతో బయోడీజిల్ అని ఓ పెట్టె కట్టారు. మంచి పథకమే, 2018 నుంచి ఉంది. నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే మళ్లీ వేయించకూడదు, సేకరించేవాళ్లకు ఇవ్వాలి. మా బస్టాండు దగ్గరికి వచ్చి చూడండి. పెద్ద హోటల్లో నల్లబడిన నూనె డబ్బాలో సందు చివరి బజ్జీల బండికి పోతుంది. ఇంజిన్‌లోకి పోవలసింది మన కడుపులోకి పోతోంది. ఇంజిన్‌లోకి ఏం పోతోందంటే, రోడ్డు పక్క 'బయోడీజిల్' బోర్డు కట్టి అమ్మే ఏదో కలగలుపు. మా పక్కింటి అబ్బాయి లీటరుకు కాసిని రూపాయలు మిగులుతాయని ఒక చోట కొట్టించాడు. మెకానిక్ ఇంజెక్టర్లు విప్పి చేతిలో పెట్టాడు. ఆ బంకు వారానికే మాయం. ఇప్పుడు వాడి దగ్గర బయోడీజిల్ అన్న మాటెత్తితే కొట్టేలా చూస్తాడు. అసలు సరుకుకు ఇంతకంటే హాని ఇంకేం కావాలి?

ఇప్పుడు నేపియర్ గడ్డి వంతు. అప్పటి ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో ఈ పశుగ్రాసం నుంచి గ్యాస్ తీసే ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. రాష్ట్రమంతటా 500 బయోగ్యాస్ ప్లాంట్లు, 65 వేల కోట్లు. మా కరువు నేలలన్నీ బంగారమవుతాయని మీ వ్యాసం. కానివ్వండి, నాకేం కడుపుమంట లేదు. కానీ నేపియర్‌కు తడి కావాలి, బర్రెలున్న ఏ ఇంట అడిగినా చెబుతారు. ఆ తడి ఎక్కడిది? ప్లాంటు ఏ కారణంతోనైనా ఆగితే కోసిన గడ్డి ఎవరు కొంటారు? కౌలు రాసుకునే కాగితంలో ఈ సంగతి ఉందా? ఉంటే ఆ కాగితం మీ పేజీలో అచ్చు వేయండి, పచ్చ బొమ్మ ఒకటి తగ్గించి.

వ్యవసాయ శాఖ వారికీ ఒక మాట. 2006 తర్వాత ఈ జిల్లాలో ఎన్ని ఎకరాల్లో నేపాళం నాటారు, ఎన్ని బతికాయి, ఎంత గింజ కొన్నారు అని రెండుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. మొదటిదానికి 'సంబంధిత విభాగానికి పంపడమైనది' అని జవాబు. రెండోదానికి అదీ లేదు.

నా మూడెకరాల్లో ఇప్పుడు కంది వేస్తున్నాను. అంతకుముందు ఆ మొద్దులు పీకించడానికి జేసీబీకి కట్టిన బిల్లు భద్రంగా ఉంది. జెరాక్స్ ఈ లేఖకు జతచేస్తున్నాను. ఎవరికి పంపాలో మీకు తెలిస్తే చెప్పగలరు.

ఇట్లు,
మీ పాత చందాదారు, విశ్రాంత ఉపాధ్యాయుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా