నీ ఇంటి ప్లాను, రామప్ప గుడి

ఒరేయ్ రవీ,

నువ్వు పంపిన ప్లాను చూశాను. ఇంటి ముందు రూపానికి, అదే ఎలివేషన్‌కు, మూడు డిజైన్లు వేయించావు గానీ, పునాది సంగతి మేస్త్రీ చూసుకుంటాడని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది చదివినప్పటి నుంచీ నీకు రామప్ప గుడి గురించి రాయాలనిపిస్తోంది. మొన్ననే ఆ గుడి ఉన్న పాలంపేట వెళ్లొచ్చాను కదా.

కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వెళ్లినవాళ్లు ముందుగా మదనికల దగ్గరే, అంటే చూరు కింది ఆడవాళ్ల శిల్పాల దగ్గరే, ఆగిపోతారు. ఆగక ఏం చేస్తారు! నల్లరాయి నున్నగా మెరుస్తుంటుంది. ఒకావిడ కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి. నన్ను మాత్రం ఆ మదనికలు నిలబడిన చోటు కట్టిపడేసింది. మండపంలోకి ఎండా వానా కొట్టకుండా చూరును బాగా బయటికి తెచ్చారు. స్తంభానికీ ఆ చూరుకూ మధ్య ఏటవాలుగా మిగిలిన జాగాలోనే శిల్పి ఆ బొమ్మల్ని వంచి నిలబెట్టాడు. అందానికి వేరే చోటు వెతుక్కోలేదురా! మండపం అంచూ అంతే: లోపలివైపు కూర్చునే అరుగు, బయటివైపు శిల్పాల వరస.

గోడలకు ఇసుకరాయి వాడారు. సన్నని చెక్కడం కావలసిన స్తంభాలకు, మదనికలకు గట్టి నల్లరాయి, డోలరైట్. గర్భగుడి మీది శిఖరం, అదే విమానం, దగ్గరికొచ్చేసరికి రాయి వదిలేసి ఇటుక పట్టారు, అదీ నీళ్లలో తేలే ఇటుక! పైన బరువు తగ్గితే కింద గోడలకూ పునాదికీ అంత భారం తప్పుతుంది. పునాది గోతిలో ఇసుక నింపారు, భూమి కదిలితే ఆ అదురు అక్కడే చాలావరకు అణగాలని. నిజమే, నేల అక్కడక్కడా కుంగింది, కొన్ని దూలాలు పగిలాయి. అయినా ఎనిమిది వందల ఏళ్లు దాటినా గుడి నిలిచే ఉంది, లోపల రామలింగేశ్వరుడికి పూజ జరుగుతూనే ఉంది. మనుషులు చేసిన పనేనా ఇది అనిపించింది నాకు.

అందుకే చెబుతున్నా, ఎలివేషన్ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టు. మీది నల్లరేగడి అన్నావు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే నేల అది. ముందు మట్టి పరీక్ష చేయించి, ఇంజనీరుతో పునాది లెక్క వేయించు. పడమటి గోడకు గాజు పలకల బదులు సన్‌షేడ్ బాగా బయటికి లాగించు. కావాలంటే దాని అంచుకే మంచి పని చేయించుకోవచ్చు. వంటగది మాత్రం చెల్లెమ్మ చెప్పినట్టే ఉంచు, ఆ ప్లానులో నాకు బాగా నచ్చింది అదే.

రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు.

నీ
మురళి