గుండిగలకు కళాయి ఉందా?

సంపాదకులకు నమస్కారం.

రాగి, ఇత్తడి పాత్రలు మళ్లీ హోటళ్ల వంటశాలల్లో, చలివేంద్రాల్లో కనిపిస్తున్నాయి. మంచినీళ్ల వరకు వాటితో పేచీ లేదు. కళాయి (లోపలి తగరపు పూత) లేని గుండిగలో పులుసో, మజ్జిగో, నిమ్మరసం పిండిన పానకమో గంటల తరబడి ఉంచుతున్నారు. మా అభ్యంతరం అక్కడే.

పులుపు ఒక్కటే రాగిని కరిగించలేదు, నీళ్లలో కలిసిన ప్రాణవాయువు దానికి తోడవ్వాలి. తెర్లుతున్న పులుసులో గాలి నిలవదు. దించాక చల్లారుతూ గాలిని పీల్చుకునే కొద్దీ రాగి అందులోకి దిగుతుంది. అందుకే పులుసు మట్టం తాకే చోట, అంచు చుట్టూ పచ్చటి చిలుము గీత కడుతుంది. ఉప్పు, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కరిగిన రాగిని పట్టుకుని, పాత్రను కాపాడే పొరగా పేరుకోనివ్వవు. ఇత్తడిలో ముందు పోయేది జింకు. రాత్రంతా పులుసు ఉన్న ఇత్తడి గిన్నెను కడిగి చూడండి, పసుపు మధ్య ఎర్రటి మచ్చలు తేలతాయి. జింకు పోగా మిగిలిన గుల్ల రాగి అది.

తాగునీటిలో రాగి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. మోతాదు బాగా మించితే కడుపులో తిప్పి వాంతులవుతాయి. సరిగా కళాయి వేయని రాగి, ఇత్తడి పాత్రల్లో వండినా, నిల్వ ఉంచినా ఆ ఆహారం తినడానికి పనికిరానిదేనని 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలే చెప్పాయి.

కళాయి వేయాలంటే పాత్రను చింతపండు, ఇసుకతో తోమి, కాల్చి, నవసారం (అమ్మోనియం క్లోరైడ్) చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా రుద్దాలి. జిడ్డు మిగిలిన చోట తగరం అంటదు. ఖర్చు తగ్గుతుందని తగరంలో సీసం కలిపితే రాగిని మించిన విషాన్ని పూసినట్టే. అసలు తగరపు కడ్డీని చెవి దగ్గర వంచితే కిర్రుమంటుంది. సీసం బాగా కలిసినదానికి ఆ చప్పుడు రాదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కనుక కళాయి పాత్రలో పోపు పెట్టకూడదు, ఖాళీగా పొయ్యి ఎక్కించకూడదు. స్టీలు పీచు అసలే వద్దు.

ఆహార భద్రత అధికారులు హోటళ్లలో, దేవాదాయ శాఖ వారు అన్నదాన సత్రాల్లో గుండిగ లోపలికి టార్చిలైటు వేసి చూడాలి. తెల్లటి పొరలో రూపాయి బిళ్లంత పసుపు బయటపడినా దాన్ని కళాయికి పంపాలి. తిరిగి వచ్చేదాకా పులుసు, మజ్జిగ స్టీలు పాత్రల్లోనే ఉంచాలి.

— లోహశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం