పిల్లల టికెట్‌తో పెద్దలు: ముందు తేడా డబ్బు, ఆ తర్వాతే నిషేధం

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లు చాలామంది సెలవు రోజుల్లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వెళ్తుంటారు. టికెట్ దొరకడమే కష్టం కాబట్టి ఎవరి పేరు మీదో ఉన్న పిల్లల టికెట్, వృద్ధుల టికెట్ కొనుక్కుని వెళ్లాలన్న ఆశ పుడుతుంది. ఇలాంటివి పట్టుబడినప్పుడు కొన్ని క్లబ్బులు సీజన్ టికెట్‌నే (సీజన్ మొత్తానికి ఒకే సీటు ఇచ్చే టికెట్) రద్దు చేస్తాయి, కొన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. రెండూ సరైనవి కావు. మొదటి తప్పుకు పెద్దల ధరకూ రాయితీ ధరకూ ఉన్న తేడా డబ్బు వసూలు చేయాలి, నిషేధాన్ని టికెట్లతో వ్యాపారం చేసేవాళ్ల కోసం దాచుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. పిల్లలకు ఒక ధర, పద్దెనిమిది దాటిన యువతకు ఇంకో ధర, 65 లేదా 66 ఏళ్లు నిండినవాళ్లకు మరో ధర ఉంటాయి. వయసు హద్దులు క్లబ్బును బట్టి మారతాయి. ఉదాహరణకు పెద్దల టికెట్ 60 పౌండ్లు, పిల్లలది 25 అనుకుందాం. పిల్లల టికెట్ మీద పెద్దవాడు లోపలికి వెళ్తే క్లబ్బుకు పోయేది 35 పౌండ్లు. సీజన్‌లో సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లు 19. అన్నిటికీ అలాగే వెళ్తే 665 పౌండ్లు. డబ్బు ఒక్కటే కాదు, పిల్లలతో వచ్చే కుటుంబాలకు కేటాయించిన ఫ్యామిలీ స్టాండ్‌లో ఒక పిల్లవాడు కూర్చోవాల్సిన కుర్చీ కూడా పోతుంది. తల్లిదండ్రుల పక్కన సీటు దొరక్క వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లలకు ఆ నష్టం 35 పౌండ్లకు మించినది.

పట్టుకోవడం ఎలాగంటే, ఇప్పుడు టికెట్లు ఎక్కువగా ఫోన్‌లోనే ఉంటాయి. గేటు రీడర్‌కు ఫోన్ ఆనించగానే దీపం వెలుగుతుంది. పెద్దల టికెట్‌కు ఒక రంగు, రాయితీ టికెట్‌కు ఇంకో రంగు. రాయితీ రంగు వెలిగినచోట నలభై ఏళ్ల మనిషి కనబడితే పక్కన నిలబడ్డ స్టీవార్డు (మైదాన సిబ్బంది) ఆపుతాడు. ఏర్పాటు బాగానే ఉంది. తప్పులన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. చిన్నపిల్లలకు ఫోన్ ఉండదు కాబట్టి ఇద్దరి టికెట్లూ తండ్రి ఫోన్‌లోనే ఉంటాయి. వెనక క్యూ తోసుకొస్తుంటే హడావిడిలో పిల్లవాడి టికెట్ ముందు ఆనించి తండ్రి లోపలికి వెళ్తాడు, ఆయన టికెట్ మీద పిల్లవాడు వెళ్తాడు. రికార్డులో మాత్రం రాయితీ టికెట్ మీద పెద్దవాడు వచ్చినట్టే కనబడుతుంది. క్లబ్బుకు పైసా నష్టం లేదు. అదే ఖాతాలోని పక్క సీటు స్కాన్ కొన్ని సెకన్ల తేడాతో పడిందా లేదా అని ఒక్కసారి చూస్తే విషయం తేలిపోతుంది. అది చూడకుండా నోటీసు పంపకూడదు.

రెండోది పుట్టినరోజు. చాలా క్లబ్బులు సీజన్ టికెట్‌కు ఒక నిర్ణీత తేదీ నాటి వయసునే లెక్కలోకి తీసుకుంటాయి. ఆ తేదీకి పదిహేడేళ్లున్న కుర్రాడికి నవంబరులో పద్దెనిమిది నిండినా అతని టికెట్ ఆ సీజన్ చివరిదాకా చెల్లుతుంది. గేటు దగ్గరి స్టీవార్డుకు ఈ నియమం తెలియకపోతే తప్పు చేయని కుర్రాణ్ని పదిమందిలో దొంగలా నిలబెడతాడు. మొహం చూసి వయసు అంచనా వేసే పని స్టీవార్డుకు పెట్టకూడదు. అనుమానం వస్తే పుట్టినతేదీ ఉన్న గుర్తింపు పత్రం అడగాలి. అది కూడా క్యూలో కాదు, పక్కకు పిలిచి.

వికలాంగులైన ప్రేక్షకులకు తోడుగా వచ్చే సహాయకుడికి చాలా క్లబ్బుల్లో టికెట్ ఉచితం. ఇక్కడ ఎవరినీ "నీ జబ్బేమిటి?" అని అడిగే పని లేదు. బయటికి కనబడని వైకల్యాలు చాలా ఉన్నాయి. చూడాల్సింది ఒక్కటే: ఉచిత టికెట్ స్కాన్ అయిన రోజున దానికి జతగా ఉన్న టికెట్ కూడా స్కాన్ అయిందా? సహాయకుడి టికెట్ ఒక్కటే మళ్లీ మళ్లీ వాడినట్టు తేలితే అప్పుడు ప్రశ్నించవచ్చు.

ఇక నిజంగానే తప్పు జరిగిన సందర్భాలు. పిల్లవాడికి జ్వరం వస్తే ఆ సీట్లో బాబాయి వెళ్తాడు. దీనికి చాలా క్లబ్బుల్లో సక్రమమైన దారే ఉంది: తేడా కట్టి పిల్లల టికెట్‌ను ఆ ఒక్క మ్యాచ్‌కు పెద్దల టికెట్‌గా మార్చుకోవడం. దీన్నే అప్‌గ్రేడ్ అంటారు. చిక్కు ఎక్కడంటే, కొన్నిచోట్ల ఈ సదుపాయం మ్యాచ్‌కు చాలా ముందే మూసేస్తారు. జ్వరం ముందురోజు చెప్పి రాదు కదా! ఫోన్‌లోనే రెండు నొక్కులతో, ఆట మొదలయ్యేదాకా అప్‌గ్రేడ్ చేసుకోనిస్తే సగం దుర్వినియోగం అక్కడే ఆగిపోతుందని నా గట్టి నమ్మకం. సక్రమమైన దారి మూసేసి, పక్కదారి పట్టినవాణ్ని శిక్షించడం న్యాయం కాదు.

అందుకని మొదటిసారి దొరికితే అక్కడే తేడా కట్టించుకుని లోపలికి పంపాలి. కట్టనంటే వెనక్కి పంపాలి. అదే సీజన్‌లో రెండోసారైతే తేడాతోపాటు రాతపూర్వక హెచ్చరిక, ఆ టికెట్‌ను ఇతరులకు బదిలీ చేసే సదుపాయం కొన్నాళ్లు నిలిపివేత. మూడోసారికి రెండు మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్. సీటు ప్రతి మ్యాచ్‌కూ కొత్త ఖాతాకు వెళ్తూ, ప్రతిసారీ పెద్దవాళ్లే వస్తూ, డబ్బు తీసుకున్నట్టు ఆధారం కూడా ఉంటే అది వ్యాపారమే. అక్కడ సీజన్ టికెట్ రద్దు చేయాల్సిందే. శిక్ష టికెట్ యజమానికే పడాలి. ఇంట్లో అందరి సభ్యత్వాలూ ఒకేసారి ఊడబీకితే తప్పు చేయని తాతయ్య, చెల్లెలు కూడా మైదానానికి దూరమవుతారు.

నోటీసులో మ్యాచ్ తేదీ, గేటు నంబరు, స్కాన్ సమయం, స్టీవార్డు రాసుకున్న వివరం ఉండాలి. జవాబుకు కనీసం 14 రోజులు ఇవ్వాలి. అప్పీలును మొదట నిర్ణయం తీసుకున్న ఉద్యోగే వినకూడదు. అది తేలేదాకా ఆ సీటును ఇంకొకరికి అమ్మకూడదు. అక్కడా న్యాయం జరగకపోతే అభిమానుల ఫిర్యాదులు వినడానికి 2008లో ఏర్పాటైన ఇండిపెండెంట్ ఫుట్‌బాల్ ఆంబుడ్స్‌మన్ వంటి బయటి వ్యవస్థకు ఎలా వెళ్లాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

క్లబ్బులు చేయకూడనిది ఇంకొకటుంది: కొందరి తప్పు చూపించి రాయితీనే ఎత్తేయడం. 2024 మార్చిలో లండన్ క్లబ్బు టాటెన్‌హామ్, 2025–26 సీజన్ నుంచి కొత్తగా వృద్ధుల రాయితీ సీజన్ టికెట్లు ఇవ్వబోమని ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో మిగిలిన టికెట్లకు 66 పౌండ్లు ధర పెట్టి, పిల్లలకూ వృద్ధులకూ తగ్గింపు లేదంది. అభిమానులు గట్టిగా నిరసన తెలిపారు. ఈ నిర్ణయాలకు దుర్వినియోగమే కారణమని నేను అనడం లేదు. కానీ పిల్లల టికెట్‌తో దొడ్డిదారిన వెళ్లే ప్రతి మనిషీ ఇలాంటి నిర్ణయాలకు ఒక సాకు అందిస్తున్నాడు. పరాయి మైదానానికి వెళ్లే అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదన్న పరిమితి 2016–17లో వచ్చింది. అభిమానులు ఏళ్ల తరబడి పోరాడితే వచ్చింది. అలాంటి సౌకర్యాలను మన చేతులతో మనమే పోగొట్టుకోకూడదు.

మన పిల్లలకు తప్పక తెలియాల్సిన సంగతి ఒకటుంది. క్లబ్బు అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం ఇంగ్లండ్, వేల్స్‌లలో నేరం. 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం 166వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. లాభం లేకుండా అసలు ధరకే అమ్మినా తప్పే. 1989లో 97 మంది ప్రాణాలు తీసిన హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట తర్వాత వేసిన టేలర్ విచారణ ఇలాంటి చట్టం కావాలని సిఫారసు చేసింది. రెండు జట్ల అభిమానులు ఒకేచోట కలవకుండా ఉండాలంటే ఎవరు ఏ సీట్లో ఉన్నారో క్లబ్బుకు తెలియాలి మరి. నేరం అమ్మినవాడిదే అయినా, గేటు దగ్గర వెనక్కి పంపేది కొన్నవాణ్నే. కట్టిన డబ్బు తిరిగి రాదు.

కాబట్టి క్లబ్బు సభ్యత్వం తీసుకుని నేరుగా గానీ, రాలేని సీజన్ టికెట్‌దారుల సీట్లను క్లబ్బే తిరిగి అమ్మే చోట గానీ కొనండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లిన అమ్మానాన్నల వయసు 66 దాటి ఉంటే వాళ్ల పేరుతోనే వృద్ధుల టికెట్ ఉందేమో టికెట్ ఆఫీసులో అడగండి. మ్యాచ్ రోజున వాళ్ల పాస్‌పోర్టు వెంట పెట్టుకోండి.

— ఒక పాఠకుడు, మాంచెస్టర్