ఇంప్లాంట్ గ్యారంటీలో రాయని సంగతి

సంపాదకులకు,

‘జీవితాంతం గ్యారంటీ’ అంటూ హైదరాబాద్‌లో డెంటల్ ఇంప్లాంట్ (ఊడిన పంటి చోట దవడ ఎముకలో బిగించే టైటానియం మర) ప్రకటనలు కనిపిస్తున్నాయి. 1965లో స్వీడన్‌లో పరిశోధకుడు బ్రోనెమార్క్ తొలి రోగికి అమర్చిన నాటి నుంచీ టైటానియంతో ఎముకకు పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా చిగురు దగ్గరే.

సొంత పంటి వేరులోకి చిగురు పోగులు అడ్డంగా నాటుకుని ఉంటాయి. ఇంప్లాంట్‌కు అవి పక్కనుంచి సాగుతాయే తప్ప నాటుకోవు. ఆ సందులో పాచి చేరితే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి బాక్టీరియా సులువుగా కిందికి దిగుతుంది. దాని మీదికి న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు ఎగబడతాయి. అవి విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి సంకేతాలతో ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు విజృంభిస్తాయి. దొంగ కోసం వచ్చిన కాపలావాళ్లే గోడ పడగొట్టినట్టు! ఇంప్లాంట్ నుంచి రాలే లోహపు రేణువులను మింగిన మాక్రోఫేజ్‌లు మరింత రెచ్చిపోతాయని ప్రయోగశాలల్లో తేలింది.

అందుకే మామూలు స్టీలు మొనతో ఇంప్లాంట్‌కు స్కేలింగ్ (పాచి గీకించడం) చేయించుకోవద్దు, గీతలు పడి పాచికి పట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్ మొన గానీ, గాలితో చిమ్మే మెత్తని గ్లైసిన్ పొడి గానీ వాడమనండి. క్యాప్ అతికించిన సిమెంటు చిగురు కింద మిగిలినా వాపు రావచ్చు.

క్యాప్ పెట్టినప్పుడే ఎక్స్‌రే తీయించి, ప్రోబ్ లోతు (చిగురు సందులోకి కొలత పుల్ల ఎంత దిగుతుందో) రాయించుకోండి. ఆ పాత లెక్క లేకపోతే రక్తస్రావంతో పాటు 6 మి.మీ. లోతు, 3 మి.మీ. ఎముక నష్టం కనబడితే గానీ ఈ ఎముక కరిగే జబ్బును నిర్ధారించలేం. అప్పటిదాకా చాలామందికి నొప్పే తెలియదు. ఇంట్లో వాడే సందుల బ్రష్ తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూసి కొనండి.

– కొందరు దంతవైద్యులు, హైదరాబాద్