మా బోర్డు మీది 1947 నిజం కాదు

మన హోటలుకు వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి గురువారం దాకా హోటలు మూసేస్తున్నాం. ముందు పంచ కారుతోంది, రేకులు మార్చాలి. ఆ పని కోసమని బోర్డు దించాం, అక్కడ దొరికిపోయాం.

'1947 నుంచి మీ సేవలో' అని ఉండేది కదా. పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. మా బోర్డు మాత్రం ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. ఎలాగూ దించాం, జిల్లా పేరు మార్పిద్దామంటే పెయింటర్ ఉప్పుకాగితం పెట్టి గీకాడు. ఎర్ర రంగు కింద పచ్చ రంగు, దాని కింద నల్లటి అక్షరాలు: 'కాఫీ, టిఫిన్, భోజనము. పుత్తూరు, చిత్తూరు జిల్లా, ఆంధ్ర రాష్ట్రము.' సంవత్సరం ఎక్కడా లేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. 1956 నవంబరు 1కి అది ఆంధ్రప్రదేశ్ అయిపోయింది. అంటే తాత ఆ మూడేళ్లలోనే ఎప్పుడో రాయించుంటాడు. అంతకు ముందు బోర్డు లేకుండా నడిపాడేమోనని నాకు చిన్న ఆశ. నాయన్ని అడిగితే, "1947 నేనే వేయించినా లేరా, స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, చూడ్డానికి బాగుంటుందని" అని నవ్వేశాడు.

తిరుత్తణి నుంచి ఎవరొచ్చినా తాత "మన జిల్లావాళ్లే" అని ఇంకో గరిటె సాంబారు పోసేవాడట. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయినా ఆ మాట మానలేదట.

నిజానికి ఈ హోటల్ని నిలబెట్టింది పుత్తూరు కట్టు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టు వేయించుకుని, చెయ్యి మెడకు వేలాడేసుకుని వచ్చేవాళ్లు. కుడిచేతికి కట్టున్నవాళ్లు నలుగురిలో ఎడమ చేత్తో తినడానికి మొహమాటపడతారని అవ్వ ఇడ్లీలను సాంబారులో చిదిమి, గిన్నెలో చెంచా వేసి ఇచ్చేది. అదే మన 'కట్టు ఇడ్లీ'. ధరల పట్టీలో ఎప్పుడూ రాయలేదు, అడిగితే ఇప్పటికీ ఇస్తాం. (చేతులు బాగున్నవాళ్లే ఎక్కువ అడుగుతున్నారు, అది వేరే సంగతి.)

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెప్పేస్తా. 'కట్టెల పొయ్యి వంట' అని గోడ మీద ఉన్నది కూడా చెరిపిస్తున్నాం. మూడేళ్లుగా అంతా గ్యాసే. చెనక్కాయల ఊరిబిండి మాత్రం ఇంకా రోట్లోనే నూరుతున్నాం, నమ్మకం లేకపోతే వెనక్కి వచ్చి చూడండి.

కొత్త బోర్డు మీద సంవత్సరం వేయడం లేదు. పాత రేకును సగం గీకిన ఎరుపూ పచ్చా నలుపుతో అట్లాగే గల్లాపెట్టె వెనక తగిలిస్తున్నాం. నాయనకు అది నచ్చలేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి తెరుస్తాం. ఆ రోజు పూరీ ఉండదు, ఇడ్లీ, పొంగలి మాత్రమే.