మూత తీయకముందే చేపను చూడడం గురించి అమ్మకు

పూజ్యురాలైన అమ్మకు నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. మీరందరూ కులాసాగా ఉన్నారని చదివి సంతోషించాను. అయితే అందులో నువ్వు రాసిన ఒక మాట మూడు రోజులుగా నా మనసులోనే ఉండిపోయింది. నేను రాత్రి భోజనానికి వారంలో రెండు మూడు సార్లు డబ్బా చేపలు వండుకుంటున్నానని తెలిసి, ఎప్పుడు పట్టిన చేపో, ఎవరు మూత బిగించారో, లోపల ఏముందో చూడకుండా ఎలా తింటున్నావని అడిగావు. ఆ ప్రశ్నలో బెంగ ఎంత ఉందో న్యాయం కూడా అంతే ఉంది. అందుకే నాలుగు మాటలతో సరిపెట్టకుండా, నేను ఈ రెండేళ్ళలో తెలుసుకున్నదంతా తీరికగా రాస్తున్నాను.

నువ్వు చేప కొనేటప్పుడు చిన్నప్పుడు నీ పక్కన నిలబడి చూసినది నాకు బాగా గుర్తుంది. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో నల్లబడిందో చూసేదానివి, కన్ను నిగనిగలాడుతోందో లోపలికి పీక్కుపోయిందో గమనించేదానివి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడకపోతే మారు మాట్లాడకుండా చేపను పక్కన పెట్టేసేదానివి. ఇక్కడికి వచ్చిన కొత్తలో డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కలిగిన ఇబ్బంది అదే. మొప్ప లేదు, కన్ను లేదు, నొక్కి చూద్దామంటే వేలికి రేకు తగులుతుంది. ఏమీ తెలియక ట్యూనా అనే సముద్రపు చేప డబ్బాల్లో అన్నిటికన్నా చవకైనది కొన్నాను. మూత తీసేసరికి తునకలు తునకలుగా విరిగిపోయి, నీళ్ళలో నానిన రంపపు పొట్టులా ఉంది. దాన్ని మళ్ళీ పావుగంట వేయించి మరింత ఎండబెట్టుకుని, సగం తిని సగం పారేశాను. ఆ రాత్రి నువ్వు చూసి ఉంటే నీకు కోపం రాదు, ఏడుపు వచ్చేది. లోపం డబ్బాలో కొంత, నా అజ్ఞానంలో కొంత ఉందని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ముందుగా, డబ్బాలో చేప ఎందుకు చెడిపోదో చెబుతాను. మందులు కలుపుతారేమోనని నువ్వు అనుమానపడ్డావు. నిల్వ ఉండడానికి అసలు కారణం మందు కాదు, వేడి. ఫ్రాన్సు దేశపు వంటవాడు నికొలా అపేర్, ఆహారాన్ని సీసాల్లో గాలి చొరకుండా బిగించి, ఆ సీసాలను మరిగే నీళ్ళలో ఉంచితే నెలల తరబడి పాడవకుండా ఉంటుందని కనుగొని, 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా ప్రకటించాడు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాలకు పేటెంటు పొందాడు. అలా ఎందుకు నిలిచి ఉంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు. కంటికి కనిపించని జీవుల వల్ల ఆహారం పాడవుతుందని ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ నిరూపించింది మరో యాభై ఏళ్ళకు. ఇప్పుడు చేప డబ్బాలను మూత బిగించాక ఆవిరి ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు. మామూలుగా నీళ్ళు మరిగే 100 డిగ్రీల వేడికి చావని బొటులినం అనే సూక్ష్మజీవి బీజాలు కూడా ఆ వేడికి నశిస్తాయి. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చేసే పనికి ఇది పెద్దన్న లాంటిది. కాబట్టి డబ్బా అంటే పచ్చి చేపను దాచిన పెట్టె కాదమ్మా, అందులో ఉన్నది పూర్తిగా ఉడికిన చేప.

కానీ వేడి చేయలేని పని ఒకటుంది, నీ భయమంతా నిజంగా అక్కడే ఉండాలి. ట్యూనా, మాకెరెల్, సార్డిన్ వంటి చేపలను పట్టిన వెంటనే మంచులో పెట్టకపోతే, వాటి కండలో సూక్ష్మజీవుల వల్ల హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తర్వాత డబ్బాలో ఎంత వేడి చేసినా సూక్ష్మజీవులు చస్తాయి కాని హిస్టమిన్ పోదు. అది తిన్నవారికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ ఈ జాతి చేపల డబ్బాల్లో హిస్టమిన్ కిలోకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది. అంటే డబ్బా చేప మంచిదా కాదా అన్నది డబ్బాలో తేలేది కాదు, పడవ మీద, మంచు పెట్టిన గంటలోనో పెట్టని గంటలోనో తేలిపోతుంది. నువ్వు మొప్ప ఎత్తి చూసేది కూడా సరిగ్గా ఆ గంట గురించే కదా! అందుకే నాకు చేప ఎక్కడ పట్టారో, ఎక్కడ డబ్బాలో పెట్టారో స్పష్టంగా చెప్పే తయారీదారు మీద గురి ఎక్కువ. మూత తీసి మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే మిరియం నమిలినట్టు నాలుక చురుక్కుమంటే, ఆకలిగా ఉన్నా సరే, ఆ డబ్బాను అక్కడితో ఆపేస్తాను.

రెండో సంగతి, ఏ చేపను ఎన్నిసార్లు వండారన్నది. ఇది తెలిశాకే నా ట్యూనా ఎందుకు పొట్టులా ఉందో అర్థమైంది. ట్యూనాను సాధారణంగా ముందు ఆవిరిలో ఉడికించి, చర్మం, ముళ్ళు తీసి, కండను డబ్బాలో పెట్టి మళ్ళీ ఉడికిస్తారు. రెండుసార్లు వండిన చేప సారం కోల్పోకుండా ఎలా ఉంటుంది? పెద్ద తునకగా ఉన్నది కొంత తేమ నిలుపుకుంటుంది, పొడిపొడిగా ఉన్నది నిలుపుకోదు, ధరలో తేడా కూడా ఎక్కువగా అక్కడే. సాల్మన్ చేపను మాత్రం చాలావరకు పచ్చిగానే ముక్కలు కోసి డబ్బాలో పెట్టి ఒక్కసారే ఉడికిస్తారు. అందువల్ల దాని రసం దానిలోనే ఉంటుంది, మూత తీయగానే పైన తెల్లగా పెరుగులా కనిపించేది చేపలోని మాంసకృత్తే తప్ప చెడిపోయిన గుర్తు కాదు. సార్డిన్‌లకు, అవి మనం కవళ్ళు అనే చేపలకు చుట్టాలే, తల, పేగులు తీసి, ఉప్పునీటిలో ఉంచి, ఆవిరి మీదనో నూనెలోనో కొంచెం ఉడికించి డబ్బాలో వరసగా పేరుస్తారు. చర్మం చిట్లకుండా, నడుము విరగకుండా, వెండిలా మెరుస్తూ పక్కపక్కనే పడుకున్న సార్డిన్‌లను చూసినప్పుడు, వాటిని శ్రద్ధగల చేతులు పేర్చాయని తెలుస్తుంది. కడుపు చిట్లి, పేగుల ముక్కలు నూనెలో తేలుతుంటే, పట్టినది ఆలస్యంగా శుభ్రం చేశారని నా అనుమానం.

డబ్బా మీది అక్షరాలను నేను ఇప్పుడు మొప్పల్లాగే చూస్తాను. అందులో ముఖ్యమైనది చేప జాతి పేరు. సార్డిన్ అనే ఒక్క పేరు కోసం దేశాలు తగవులాడుకున్నాయంటే నమ్ముతావా? సార్డినా పిల్చార్డస్ అనే ఒక జాతిని మాత్రమే సార్డిన్ డబ్బా పేరుతో అమ్మాలని 1989లో యూరప్ నియమం చేసింది. తన సముద్రంలో దొరికే మరో జాతికి ఆ పేరు దక్కలేదని పెరూ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళి 2002లో గెలిచింది. పేరు ఒకటే అయినా లోపలి చేప వేరు కావచ్చునని తెలిసినప్పటి నుంచి జాతి పేరు చదవడం అలవాటు చేసుకున్నాను. తర్వాత నూనె తీసేసిన బరువు చూస్తాను. మొత్తం బరువు చూసి మురిసిపోతే సగం ద్రవాన్ని కొన్నట్టవుతుంది. ఆ తర్వాత నూనె. మంచి ఆలివ్ నూనెలో ఉన్న సార్డిన్‌లు నెలలు గడిచేకొద్దీ మరింత మెత్తబడి రుచి తేలుతాయి. ఫ్రాన్సులో వాటిని ఏళ్ళ తరబడి దాచి, మధ్యమధ్య డబ్బాను తిరగేస్తూ కాపాడుకునేవారు ఉన్నారు. ఆంకొవీలు అనే చిన్న సముద్రపు చేపలు మాత్రం వేరు. వాటిని వేడితో కాక ఉప్పుతో ఊరబెడతారు కాబట్టి, అవి డబ్బాలో ఉన్నా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

రేకు కూడా చూడాలి. ఉబ్బిన డబ్బాను, కారుతున్నదాన్ని, మూత అంచు అతుకు దగ్గర సొట్ట పడినదాన్ని, లోతుగా తుప్పు పట్టినదాన్ని రుచి చూసి తేల్చుకుందామని కూడా అనుకోకూడదు, నేరుగా పారేయాలి.

ఒకసారి మాత్రం అనవసరంగా భయపడ్డాను. సాల్మన్ ముక్కలో గాజు పెంకు లాంటిది పంటికి తగిలింది. గుండె ఆగినంత పనైంది. విచారిస్తే అది స్ట్రువైట్ అనే స్ఫటికం కావచ్చునని తెలిసింది. చేపలో సహజంగా ఉండే మెగ్నీషియం, ఫాస్ఫేటు, అమ్మోనియం కలిసి డబ్బాలో నెమ్మదిగా గట్టిపడి అలా ఏర్పడతాయట. గిన్నెలో కొంచెం వెనిగర్ వేడి చేసి ఆ పెంకును వేశాను. కొన్ని నిమిషాలలో కరిగిపోయింది. గాజైతే కరగదు. ఆ కరగడాన్ని నేను పొయ్యి దగ్గర నిలబడి కళ్ళార్పకుండా చూశాను.

చెల్లి గర్భవతిగా ఉంది కదా, చేప తినవచ్చునా అని అడిగావు. డాక్టరుగారిని తప్పక అడగండి. నాకు తెలిసినది ఇది. పెద్ద చేపలు చిన్న చేపలను తిని ఎక్కువ కాలం బతుకుతాయి కాబట్టి వాటి ఒంట్లో పాదరసం పోగవుతుంది. చిన్నవైన సార్డిన్‌లలో, సాల్మన్‌లో అది తక్కువ. ట్యూనాలోనూ తేడా ఉంది: తెల్లని కండ గల ఆల్బకోర్ అనే ట్యూనా జాతిలో పాదరసం ఎక్కువ, అందుకే అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులకు దాన్ని వారానికి ఒక్కసారికి మించి వద్దంటుంది, చిన్న జాతి ట్యూనాతో చేసే డబ్బాను, సార్డిన్, సాల్మన్‌లను వారానికి రెండు మూడు సార్లు తినదగిన చేపల్లో చేర్చింది. పైగా డబ్బాలో ఉడికిన సార్డిన్ ముళ్ళు వేళ్ళతో నలిపితే నలిగేంత మెత్తగా ఉంటాయి. వాటితో సహా తింటే 100 గ్రాములకు సుమారు 380 మిల్లీగ్రాముల కాల్షియం అందుతుంది. ముళ్ళు తీసిన ట్యూనాలో ఆ లాభం లేదు. నాన్నగారి రక్తపోటు సంగతి వేరు. డబ్బా చేపలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఆయనకు ఉప్పు తగ్గించినదే మేలు.

ఇక నా వంట. పని నుంచి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, అప్పుడు గంటసేపు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. బయట తినే రోజుల్లో కడుపు నిండేది కాని, తిన్నానన్న తృప్తి ఉండేది కాదు. ఇప్పుడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అన్నం ఉడికే లోపల కూర ముగిస్తాను. ఆలివ్ నూనెలో ఉన్న సార్డిన్ డబ్బా అయితే ఆ నూనెను పారబోయను. చేపలోని సారమూ, ఒమేగా-3 కొవ్వులో కొంతా అందులోకి దిగి ఉంటాయి. ఆ నూనెలోనే సన్నగా తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, ఒక పచ్చిమిరపకాయ నెమ్మదిగా వేయిస్తాను. ఉల్లిపాయ రంగు మారి తీపివాసన వచ్చేదాకా తొందరపడను, ఎందుకంటే ఈ వంటలో నిజంగా వండవలసినది ఉల్లిపాయ ఒక్కటే. మంట తగ్గించి చేపలను ఒక్కొక్కటిగా పైన పరిచి, వేడెక్కేంత వరకే మూత పెడతాను. ఇదివరకే ఉడికిన చేపను మళ్ళీ ఉడికించడమే నేను మొదటి రోజుల్లో చేసిన పెద్ద తప్పు. గరిటెతో కలపను, కలిపితే చితికిపోతుంది. ఉప్పు చివర రుచి చూశాకనే, చాలాసార్లు అవసరమే ఉండదు.

సాల్మన్ ఉన్న రోజున ఉడికించిన బంగాళాదుంపలు మెదిపి, చేపను ముళ్ళతో సహా నలిపి కలిపి, బిళ్ళలుగా తట్టి పెనం మీద రెండు వైపులా కాలుస్తాను. ట్యూనాకైతే టమాటాలు మగ్గబెట్టి, పొయ్యి ఆపాక కలుపుతాను. మిగిలితే డబ్బాలోనే ఉంచకుండా మూత ఉన్న గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడతాను, రెండు రోజుల్లో ముగించేస్తాను.

తాజా చేప రుచి వేరు, దానికి ఇది సాటి అని నేను అనను. అది దొరికిన రోజున నువ్వు నేర్పినట్టు మొప్ప ఎత్తి చూసే కొంటున్నాను. దొరకని రోజున మాత్రం నేను గుడ్డిగా తింటున్నానని నువ్వు దిగులుపడవద్దు. నీ కన్నుతోనే చూస్తున్నాను, కాకపోతే రేకు మీది అక్షరాల్లో.

ఒక్క విషయంలో నీ సలహా కావాలి. నిమ్మరసం నేను పొయ్యి ఆపిన తర్వాత పిండుతున్నాను, అయినా ఒక్కోసారి కొంచెం చేదు తగులుతోంది. గింజల వల్లనా, లేక వేడి ఇంకా తగ్గకముందే పిండడం వల్లనా? పులుపు ఎప్పుడు వేయాలో, ఎంత వేయాలో వచ్చే ఉత్తరంలో తప్పక రాయి. నాన్నగారికి నా నమస్కారాలు, చెల్లికి ఆశీస్సులు.

ఇట్లు,
నీ కుమారుడు