ముప్పు తగ్గిన వేళ మాస్కు, టీకా

గౌరవనీయులైన సంపాదకులకు,

కరోనాపై అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఎత్తివేసిన తరువాత, మన వరంగల్‌లో మాస్కు ఎవరి విచక్షణకు వారికే మిగిలింది. అది సబబే. భద్రకాళి చెరువు గట్టుపై ఉదయం నడిచేవారికి మాస్కు అవసరమని నేను అనను. అయితే ఊరిలో ముప్పు తక్కువైనంత మాత్రాన ఇంట్లో అందరికీ తక్కువని కాదు. మధుమేహం, ఉబ్బసం ఉన్న వృద్ధులకు, గర్భిణులకు, డయాలసిస్ చేయించుకునేవారికి ఫ్లూ జ్వరం కూడా ప్రాణాల మీదికి తేవచ్చు. దగ్గుతున్న మనుమడు నానమ్మ పక్కన కూర్చొని అన్నం తింటున్నప్పుడు చూడవలసింది జిల్లాలోని కేసుల సంఖ్యను కాదు, ఆమె ఆరోగ్యాన్ని.

టీకా సంగతి వేరు. మాస్కును అవసరమైన గంటసేపు పెట్టుకొని తీసేయవచ్చు గాని, ఫ్లూ టీకా రక్షణ ఏర్పడడానికి దాదాపు 2 వారాలు పడుతుంది కనుక, కేసులు పెరిగాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఈ టీకాను ఏటా వేసుకోవాలి. మేడారం జాతరకు కిక్కిరిసిన బస్సుల్లో వెళ్లే పెద్దలు ముందుగానే వైద్యుణ్ణి అడగడం మంచిది.

ప్రభుత్వం ఉచితంగా టీకాలు వేసే సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఫ్లూ టీకా లేనందున పేదలు దాని జోలికే పోవడం లేదు. 60 ఏళ్లు దాటినవారికైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ